మీ విమానం తోకలోని బీకన్ గురించి: అమెరికాలోని తెలుగు పైలట్లకు బహిరంగ లేఖ

పైలట్ మిత్రులకు,

నమస్కారం. అమెరికాలో సొంత విమానమో, నలుగురితో కలిసి కొన్న విమానమో, ఫ్లయింగ్ క్లబ్ నుంచి గంటల లెక్కన అద్దెకు తీసుకున్న విమానమో నడుపుతున్న తెలుగువారిని, పైలట్ ఉద్యోగం కోసం ఇక్కడి ఫ్లయింగ్ స్కూళ్లలో శిక్షణ పొందుతున్న మన పిల్లలను ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. నేనూ మీలో ఒకణ్ని. మరో ముగ్గురితో కలిసి కొనుక్కున్న సెస్నా 172ను కాలిఫోర్నియాలో పన్నెండేళ్లుగా నడుపుతున్నాను. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్క విషయం గురించే. మీ విమానం కూలిపోతే అది ఎక్కడ పడిందో బయటివారికి చెప్పవలసిన ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్, మనం వాడుకగా ఈఎల్‌టీ అనో బీకన్ అనో పిలుచుకునే ఆ చిన్న పెట్టె, ఏ రకానిది, ఏ స్థితిలో ఉంది, అది పిలిస్తే పలికేది ఎవరు?

మనవాళ్లం కలిసినప్పుడు ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో, కొత్త డిస్‌ప్లేలకు ఎంత ఖర్చయిందో వివరంగా చెప్పుకుంటాం. బీకన్ మాట ఎత్తితే మాత్రం "ఉందండీ, ప్రతి యాన్యువల్ తనిఖీలోనూ మెకానిక్ చూస్తాడు" అన్న జవాబే నాకు ఎక్కువగా వినిపిస్తోంది. పెట్టె ఉండటం వేరు, అది పనిచేయడం వేరు, పనిచేసినప్పుడు దాని పిలుపు ఎవరో ఒకరి చెవిన పడటం వేరు. భార్యాపిల్లల్ని ఎక్కించుకుని సియెర్రా నెవాడా కొండల మీదుగా టాహో సరస్సుకు వెళ్లే మనం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పై నుంచి పసిఫిక్ తీరం చూపించి మురిసిపోయే మనం, ఆ మూడో సంగతి దాకా ఆలోచించవలసిన బాధ్యత ఉన్నవాళ్లం.

ఈ పెట్టె చట్టంలోకి ఎందుకు వచ్చిందో తెలిస్తే దాన్ని చూసే చూపు మారుతుంది. 1967 మార్చిలో ఉత్తర కాలిఫోర్నియాలోని ట్రినిటీ పర్వతాల్లో, మంచు తుపానులో చిక్కుకుని ఒక సెస్నా 195 కూలిపోయింది. అందులో ఉన్నది ముగ్గురే. విమానం నడుపుతున్న భర్త, ఆయన భార్య, ఆమె పదహారేళ్ల కూతురు. పడిన క్షణంలో ముగ్గురిలో ఎవరూ చనిపోలేదు. ఆయన గాయాలతోనే సాయం కోసం బయలుదేరి మళ్లీ తిరిగి రాలేదు. తల్లీకూతుళ్లు ఆ విమానంలోనే ఎదురుచూశారు. ఆ అమ్మాయి రాసుకుంటూ వచ్చిన డైరీ 54వ రోజు దాకా సాగింది. అక్టోబరులో వేటకు వెళ్లినవారి కంట పడేదాకా ఆ విమానం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఆ యాభై నాలుగు రోజుల్లో ఏ ఒక్కరోజు వారి చోటు తెలిసినా కనీసం ఒక ప్రాణం దక్కేది. నాకూ ఒక కూతురు ఉంది. ఈ సంగతి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాంటి విషాదాలే 1970 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ చేత చిన్న విమానాల్లో బీకన్‌ను తప్పనిసరి చేయించాయి. ఆ చట్టం పూర్తిగా అమలుకు రాకముందే, 1972 అక్టోబరు 16న, హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ అనే ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు ప్రయాణిస్తున్న సెస్నా 310 అలాస్కాలో ఆంకరేజ్ నుంచి జూనో వెళ్తూ మాయమైంది. దేశం ఉన్న శక్తినంతా వినియోగించి 39 రోజులు వెతికింది. ఆ విమానం తునక కూడా ఈనాటి వరకు దొరకలేదు.

ఆ తొలి తరం బీకన్లు 121.5 మెగాహెర్ట్జ్ మీద సైరన్ లాంటి ఒక ధ్వనిని మాత్రమే పంపేవి. అది ఎవరి విమానమో, ఎక్కడ పడిందో ఆ ధ్వనిలో ఉండదు. పైన వెళ్తున్న మరో విమానం ఆ ఫ్రీక్వెన్సీని వింటూ ఉంటేనే పిలుపు అందినట్టు. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కలిసి ఈ సంకేతాలను ఉపగ్రహాలతో పట్టుకునే కాస్పాస్-సార్సాట్ వ్యవస్థకు పూనుకున్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒకరి ఆపద సంకేతాన్ని ఒకరు వినడానికి ఆ దేశాలు ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. 1982 జూన్‌లో ఈ వ్యవస్థకు చెందిన మొదటి ఉపగ్రహాన్ని సోవియట్ యూనియన్ పైకి పంపింది. ఆ సెప్టెంబరులోనే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో కూలిన చిన్న విమానం జాడను అది పట్టివ్వగా ముగ్గురు ప్రాణాలతో బయటపడ్డారు. భారతదేశం కూడా తరువాత ఆ వ్యవస్థలో చేరింది. ఇస్రో ఆధ్వర్యంలో బెంగళూరు, లక్నోలలోని భూకేంద్రాలు ఈ సంకేతాలను అందుకుంటున్నాయి.

అయితే పాత బీకన్లతో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. విమానం కాస్త గట్టిగా దిగినా, మరమ్మతులో ఎవరైనా స్విచ్ తాకినా అవి మోగేవి. వచ్చిన హెచ్చరికల్లో అత్యధిక భాగం నిజమైన ప్రమాదాలు కావు. ఏది నిజమో తేల్చుకోవడానికి మనుషులను పంపడం తప్ప దారి లేదు. చివరకు 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 మెగాహెర్ట్జ్‌ను వినడం పూర్తిగా మానేశాయి. ఇప్పుడు అవి వినేది 406 మెగాహెర్ట్జ్ బీకన్లను మాత్రమే. ఈ కొత్త రకం దాదాపు 50 సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు, 5 వాట్ల శక్తితో ఒక డిజిటల్ సందేశం పంపుతుంది. ఆ సందేశంలో ఆ బీకన్‌కే చెందిన గుర్తింపు సంఖ్య ఉంటుంది, జీపీఎస్‌తో కలిపితే విమానం పడిన చోటు కూడా ఉంటుంది. పాత రకంతో ఉపగ్రహాలు విన్న రోజుల్లో సైతం వెతకవలసిన చోటు దాదాపు 20 కిలోమీటర్ల వరకు అటూ ఇటూ అయ్యేది. 406తో అది 5 కిలోమీటర్ల లోపుకు, జీపీఎస్ తోడైతే వంద మీటర్ల దగ్గరికి వస్తుంది. మంచు కురుస్తున్న రాత్రి ఒక లోయలో వెతికేవారికి ఈ తేడా ఏమిటో కొండల మీద ఎగిరిన మీకు నేను వివరించనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉపగ్రహాలు వినడం మానేసి ఇన్నేళ్లయినా, ఇక్కడి చట్టం ప్రకారం పాత 121.5 బీకన్‌తో విమానం నడపడం నేరం కాదు. కొత్తగా వాటిని తయారు చేయడం, అమ్మడం 2019లో ఆపించారు గాని, ఇప్పటికే విమానాల్లో ఉన్నవాటిని వాడుకోవచ్చు. కెనడా 2020లో నిబంధన మార్చి, సొంత పనులకు విమానాలు నడుపుకునేవారికి కూడా ఐదేళ్ల గడువిచ్చి 406కు మారమంది. ఇక్కడ మాత్రం ఆ మార్పును తప్పనిసరి చేయాలని ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ ఒకటికి రెండుసార్లు సిఫార్సు చేసినా, విమానాల యజమానుల సంఘాలు ఖర్చు దృష్ట్యా వద్దన్నాయి, నిర్ణయం యజమానికే మిగిలింది. ఆ సంఘాల వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. 1970ల నాటి విమానాన్ని రెక్కల కష్టంతో నిలబెట్టుకుంటున్న రైతుకు, పదవీ విరమణ చేసిన పెద్దాయనకు వెయ్యి డాలర్లు చిన్న మొత్తం కాదు. కాని మనలో చాలామంది పరిస్థితి అది కాదు. హెడ్‌సెట్‌కు వెయ్యి డాలర్లు పెట్టగలిగిన మనం, బీకన్ దగ్గరికి వచ్చేసరికి చట్టం అడగలేదు కదా అని ఊరుకోవడం నాకు సరి అనిపించదు. చట్టం ఒప్పుకుంటున్నది కాబట్టి పని జరుగుతుందని అనుకోవద్దు. ఆ పాత బీకన్ మోగితే దాన్ని వినే ఉపగ్రహం ఆకాశంలో ఒక్కటి కూడా లేదు.

కొత్తది కొన్నంత మాత్రాన పని పూర్తయిందని అనుకోవడమూ పొరపాటే. 2010 ఆగస్టు 9న అలాస్కాలో మాజీ సెనేటర్ టెడ్ స్టీవెన్స్ ప్రయాణిస్తున్న ఆటర్ విమానం కొండవాలుకు కొట్టుకుంది. తొమ్మిది మందిలో ఐదుగురు మరణించారు. మిగిలిన నలుగురు తీవ్ర గాయాలతో శిథిలాల్లో ఉన్నారు. ఆ విమానంలో బీకన్ ఉంది. దెబ్బకు అది తన బ్రాకెట్ నుంచి ఊడి, యాంటెన్నా నుంచి విడిపోయింది కాబట్టి దాని సంకేతం ఎవరికీ అందలేదు. చేరవలసినవారు ఇంకా రాలేదేమని ఆరా తీసినవారి వల్ల వెతుకులాట మొదలై, దాదాపు ఐదు గంటలకు శిథిలాలు కనిపించాయి. బీకన్‌ను వెల్క్రో లాంటి పట్టీతో బిగించే పద్ధతి మీద ఆ తరువాతే గట్టిగా ప్రశ్నలు వచ్చాయి, కొత్త ప్రమాణాల్లో దాన్ని తొలగించారు. మీ విమానం తోక దగ్గరి మూత విప్పించి ఒకసారి మీ చేత్తో ఆ పెట్టెను కదిపి చూడండి. పట్టీ వదులైందా, యాంటెన్నా తీగ సరిగ్గా బిగిసి ఉందా, యాంటెన్నా విమానం పైన విరగకుండా ఉందా, బ్యాటరీ మీద రాసిన గడువు ఏ నెల దాకా ఉంది, ఇవి మీరే చూడగలరు. పన్నెండు నెలలకు ఒకసారి అమరిక, బ్యాటరీ తుప్పు, క్రాష్ సెన్సర్, యాంటెన్నా నుంచి వెలువడే సంకేతం, ఈ నాలుగింటినీ పరీక్షించాలని నిబంధన చెబుతోంది. బీకన్ మొత్తం గంటకు మించి మోగినా, బ్యాటరీ ఆయుష్షు సగం గడిచినా బ్యాటరీని మార్చాలి. మెకానిక్ సంతకం పెట్టేటప్పుడు పక్కన నిలబడి ఈ నాలుగూ చూపించమని అడిగితే ఏ మంచి మెకానిక్కూ నొచ్చుకోడు.

బీకన్ రిజిస్ట్రేషన్, అంటే అది ఎవరిదో, మోగితే ఎవరికి ఫోన్ చేయాలో నమోదు చేయడం, ఆ సంగతి నా అనుభవంతోనే చెప్పాలి. మేం విమానం కొన్న రెండో ఏడాది, పక్కగాలి బలంగా ఉన్న ఒక మధ్యాహ్నం నేను విమానాన్ని గట్టిగా దించాను. బీకన్ మోగడం మొదలైన సంగతి నాకు తెలియదు. ఇంజన్ ఆపే ముందు రేడియోను 121.5కు తిప్పి వినే అలవాటు అప్పటికి నాకు లేదు. 406 బీకన్ కూడా దగ్గర్లోని వారికి దారి చూపడానికి ఆ ఫ్రీక్వెన్సీ మీద ధ్వని పంపుతుంది కాబట్టి, అలా విని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. హ్యాంగర్‌లో పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. ఆపదలో ఉన్నవారిని వెతికి కాపాడే కేంద్రం వారు ఫోన్ చేసింది మాకు విమానం అమ్మిన పెద్దాయనకు. ఎందుకంటే రిజిస్ట్రేషన్‌లో ఆయన పేరే ఉంది, కొన్నప్పుడు మార్చవలసింది నేను, మార్చలేదు. ఆయన కంగారుగా నలుగురికి ఫోన్లు చేసి నన్ను పట్టుకునేసరికి చాలాసేపు గడిచింది. అది ఉత్తుత్తి పిలుపు కాబట్టి సరిపోయింది. నిజంగా నేను ఏ కొండవాలు మీదో పడి ఉంటే, ఆ సమయమంతా ఒక పాత ఫోన్ నంబర్ దగ్గరే కరిగిపోయేది.

406 బీకన్‌ను నోవా (NOAA) అనే అమెరికా ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు చేయడానికి ఒక్క డాలరు కూడా ఖర్చు కాదు. రెండేళ్లకు ఒకసారి పునరుద్ధరించాలి, విమానం చేతులు మారినప్పుడు, ఫోన్ నంబర్ మారినప్పుడు సరిదిద్దాలి. సంకేతం అందగానే వారు ముందు చేసే పని అక్కడ రాసిన నంబర్లకు ఫోన్ చేయడమే. అక్కడ మనవాళ్లు ఎక్కువగా చేస్తున్న ఒక పొరపాటు నేను చూశాను. అత్యవసర నంబరుగా భార్యదో భర్తదో ఒక్కటే రాస్తారు. వారాంతంలో ఆ మనిషి మీ పక్క సీటులోనే కూర్చుని ఉంటారు. రెండో నంబరుగా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న నాన్నగారిది రాసినవారూ ఉన్నారు. ఇక్కడ పట్టపగలు జరిగిన ప్రమాదానికి అక్కడ అర్ధరాత్రి విదేశీ నంబరు నుంచి ఫోన్ వస్తే ఆయన ఎత్తుతారా, ఎత్తినా మీరు ఆ రోజు ఏ దారిన ఎక్కడికి బయలుదేరారో ఆయనకు తెలిసి ఉంటుందా? మీతో ఎగరని స్నేహితుణ్నో, వాటాదారుణ్నో, హ్యాంగర్ పొరుగువాణ్నో ఒప్పించి ఆ నంబర్లు రాయండి. బయలుదేరే ముందు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో వారికి ఒక సందేశం పంపండి. ఫ్లైట్ ప్లాన్ కూడా దాఖలు చేయండి. చెప్పిన సమయానికి అరగంట దాటినా మీరు దిగానని చెప్పి దాన్ని ముగించకపోతే వెతికే ప్రక్రియ దానంతట అదే మొదలవుతుంది.

నాకీ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే మా ఊరి మాట చెప్పాలి. మాది నల్లమల అంచున, ఆత్మకూరు దగ్గరి పల్లె. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన గంటలోపే దానితో సంబంధాలు తెగిపోయాయి. వైమానిక దళ విమానాలు, వేల మంది పోలీసులు, జవాన్లు, అడవిని అంగుళం అంగుళం ఎరిగిన చెంచులు వానలో వెతికారు. మరునాటి ఉదయం గాని పావురాల గుట్ట మీద శిథిలాలు కనిపించలేదు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి కోసం, అంత బలగంతో వెతికినా ఒక పగలు, ఒక రాత్రి పట్టింది. ఆ రాత్రి మా నాన్న నిద్రపోలేదు. నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇంకా ఏం తెలియలేదురా" అనే అన్నారు. ఆ ఐదుగురినీ ఏ బీకనూ బతికించగలిగేది కాదు. కాని ఎక్కడున్నారో తెలియకపోవడం అనే ఆ ఒక్క రోజు ఐదు కుటుంబాలను ఏం చేసి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను. మనం విమానం ఎక్కిన ప్రతిసారీ కింద మన కోసం చూసేవారు ఉంటారు, ఆ పెట్టె వారి కోసం కూడా.

శిక్షణలో ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. బయలుదేరిన విమానాశ్రయం నుంచి 50 నాటికల్ మైళ్ల లోపల మాత్రమే జరిగే శిక్షణ విమానాలకు బీకన్ లేకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. 50 నాటికల్ మైళ్లంటే దాదాపు 93 కిలోమీటర్లు, మీకు తెలిసిన లెక్కలో హైదరాబాద్ నుంచి నల్గొండ దాకా. ఆ వృత్తం వైశాల్యం దాదాపు 27 వేల చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు రెండు ఉమ్మడి నల్గొండ జిల్లాలంత నేల. అరిజోనా ఎడారిలోనో, ఫ్లోరిడా చిత్తడి నేలల్లోనో అంత చోటులో ఒక చిన్న విమానాన్ని వెతకడం "దగ్గరే కదా" అనదగిన పని కాదు. బీకన్‌ను మరమ్మతుకు పంపినప్పుడు 90 రోజుల దాకా అది లేకుండా ఎగరడానికి కూడా వెసులుబాటు ఉంది. ఫీజు కట్టేది మీరు, సోలో వెళ్లేది మీరు. మీకిచ్చిన విమానంలో బీకన్ ఉందా, 406 రకమేనా, ఎవరి పేరున నమోదైందని మీ స్కూల్‌ను మర్యాదగా, భయపడకుండా అడగండి. వీసా మీద వచ్చిన పిల్లలు ఇలాంటి ప్రశ్న అడగడానికి జంకుతారని నాకు తెలుసు. లాగ్‌బుక్ అడిగి చూసే హక్కు మీకు ఎంత ఉందో ఇది అడిగే హక్కూ అంతే ఉంది.

"ఫోన్‌లో ఉపగ్రహ ఎస్‌ఓఎస్ ఉంది కదా, విమానం తానెక్కడుందో తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ ట్రాక్ ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది కదా" అని నాతో వాదించిన మిత్రులు ఉన్నారు. రెండూ మంచివే, నేనూ వాడతాను. కాని ఫోన్‌తో పిలవాలంటే స్పృహలో ఉన్న మనిషి, కదిలే చేయి, పగలని తెర ఉండాలి. కొండల మధ్య తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు భూకేంద్రాలకు ఏడీఎస్-బీ అందకుండా పోయి, ట్రాక్ చివరి చుక్కకూ విమానం పడిన చోటుకూ ఎంతో దూరం ఉండవచ్చు. ఎవరి చేయీ తగలకుండా దెబ్బకే మేల్కొని, గడ్డకట్టే చలిలో కూడా 24 గంటల పాటు పిలుస్తూ ఉండేలా తయారైనది బీకన్ ఒక్కటే. దానికి తోడుగా మూడు నాలుగు వందల డాలర్లలో దొరికే పర్సనల్ లొకేటర్ బీకన్ ఒకటి జేబులో పెట్టుకుంటే మరీ మంచిది. నిప్పులోనో నీటిలోనో విమానాన్ని వదిలి రావలసి వస్తే ఒంటి మీద ఉన్నదే మీతో వస్తుంది. అయితే చట్టం దృష్టిలో అది విమానంలోని ఈఎల్‌టీకి బదులు కాదు.

మీ బీకన్‌ను ఇంట్లో పరీక్షించే ఆత్రుతలో నిజమైన సంకేతం పంపకండి. పాత రకాన్ని గంట మొదటి ఐదు నిమిషాల్లోనే, మూడు కూతలకు మించకుండా పరీక్షించాలి. 406 రకానికి తయారీదారు చెప్పిన సెల్ఫ్ టెస్ట్ మాత్రమే చేయాలి.

చివరిగా మీతో ఎక్కేవారి గురించి. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో, తలుపు ఎలా తీయాలో మనం చెబుతాం. ప్యానెల్ మీద ఉన్న బీకన్ స్విచ్ గురించి ఎంతమందిమి చెబుతున్నాం? పైలట్‌కు స్పృహ లేకపోతే దాన్ని 'ఆన్' వైపు నొక్కవలసింది పక్కన కూర్చున్నవారే. దానంతట అది మోగిందో లేదో అని చూడకుండా నొక్కమని, మనుషులు వచ్చేదాకా ఆపవద్దని, విమానాన్ని వదిలి దూరం వెళ్లవద్దని చెప్పాలి. పోయిన వేసవిలో మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు, ఆయన చదువుకున్నది తెలుగులోనే కాబట్టి, ఈ నాలుగు మాటలు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి కుడి సీటు ముందు ఆ స్విచ్ కింద అంటించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. తరువాత చేయి చాచి, నొక్కకుండా వేలు మాత్రం ఆ స్విచ్ మీద ఆనించి, "ఇదేనా?" అని అడిగారు. ఇదే నాన్నా అన్నాను. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశాను.

ఇట్లు,
మీ తోటి పైలట్